మైదానం అనే మాట: తరచుగా అడిగే ప్రశ్నలు

మైదానం అనే మాట మీద విద్యార్థులకు, అనువాదకులకు, పత్రికల్లో వార్తలు దిద్దేవారికి కలిగే సందేహాలు ఏళ్ల తరబడి దాదాపు ఒకే రకంగా వస్తున్నందువల్ల వాటికి జవాబులను ఒకచోట చేర్చడమైనది. ప్రతి జవాబూ దేనికది పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## మాట అర్థం

మైదానం అంటే ఆటస్థలమా, చదునైన నేలా? ఏది అసలు అర్థం?

తెలుగులో ఈ రెండు అర్థాలూ సరైనవే. ఊళ్లో గానీ ఊరి అంచున గానీ కట్టడాలు లేకుండా విడిచిపెట్టిన విశాలమైన ఖాళీ స్థలం మైదానం. పాఠశాల మైదానం, బహిరంగ సభ జరిగే మైదానం ఈ కోవకు చెందినవి. కొండలూ గుట్టలూ లేకుండా మైళ్ల కొద్దీ చదునుగా పరచుకున్న భూభాగం కూడా మైదానమే. భూగోళ పాఠాల్లో గంగా–సింధు మైదానం, తూర్పు తీర మైదానం అని చదువుకునేది దీనినే. చరిత్రను బట్టి చూస్తే మొదటి అర్థం పాతది, రెండవది దాని నుంచి విస్తరించినది. చలం నవల పేరులో ఉన్న మైదానం ఆటస్థలమేనా అని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. అక్కడ ఆ మాట ఊరి కట్టుబాట్లకు ఆవల ఉన్న ఆరుబయలును సూచిస్తుంది.

ఇతర దేశాల్లో మైదాన్ అంటే నగరం నడిబొడ్డున ఉండే కూడలి అంటారు. మరి మన మైదానం ఊరి బయట ఎందుకుంది?

మాట ఒకటే అయినా అది చేరిన ఊళ్లు ఒక్కలాంటివి కావు. ఇరాన్, ఈజిప్టు, టర్కీ నగరాల్లో ఈ మాట చుట్టూ భవనాలతో, రాళ్లు పరచిన నేలతో, దారులు వచ్చి కలిసే చౌకానికి పేరుగా స్థిరపడింది. టెహ్రాన్‌లో వాహనాలు చుట్టూ తిరిగే సర్కిల్‌ను కూడా మైదాన్ అనే అంటారు. మన దేశానికి వచ్చేసరికి కోట ముందు సైన్యం విడిది చేసే నేలకు, గుర్రాలను పరుగెత్తించే నేలకు ఈ పేరు ఎక్కువగా వాడారు. అందువల్ల తెలుగువాడి మనసులో మైదానం అనగానే మట్టి, గడ్డి, దుమ్ము మెదులుతాయే తప్ప చుట్టూ మేడలున్న కూడలి మెదలదు. విదేశీ వార్తలను తెలుగు చేసేటప్పుడు దొర్లే పొరపాట్లలో సగం ఈ తేడాను మరచిపోవడం వల్ల వచ్చేవే.

ప్రభుత్వ పత్రాల్లో ‘మైదాన ప్రాంతం’ అని రాస్తారు. అక్కడ ఆటస్థలాలు ఉంటాయని కాదు కదా?

కాదు. అది కొండప్రాంతానికి, గిరిజన ఏజెన్సీకి ఎదురుగా నిలిపిన పాలనా పదం. మన్యంలో పనిచేసే ఉద్యోగులు కొండ దిగువ మండలాలన్నింటినీ కలిపి మైదాన ప్రాంతం అంటారు. ఈ విభజన మీద నిధులు కూడా ఆధారపడతాయి: ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైనప్పుడు రహదారి మంజూరుకు మైదాన ప్రాంతంలో కనీసం 500 జనాభా ఉండాలన్నారు, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 ఉంటే చాలన్నారు.

పార్కునూ మైదానాన్నీ ఒకే అర్థంలో వాడవచ్చా?

వాడకపోవడమే మంచిది. చెట్లు పెంచి, దారులు తీర్చి, బల్లలు వేసినది ఉద్యానం లేదా పార్కు. ఏమీ వేయకుండా, ఏమీ నాటకుండా విడిచిపెట్టినది మైదానం. అలా ఖాళీగా ఉన్నందువల్లే పొద్దున క్రికెట్‌కూ, సాయంత్రం సభకూ, పండుగనాడు సామూహిక ప్రార్థనకూ లేదా రావణ దహనానికీ, మధ్యలో ఒక నెల సర్కసుకూ అదే నేల సరిపోతుంది.

## పుట్టుక

మైదానం సంస్కృత పదమా? అందులో ‘దానం’ ఉంది కదా?

సంస్కృతం కాదు. చివర ‘దానం’ వినిపించడం వల్ల, ఎవరో ఊరికి దానమిచ్చిన నేల కాబట్టి మైదానమైందని చెప్పే వివరణ ఒకటి వ్యాప్తిలో ఉంది. తెలుగులో ‘మై’ అంటే ఒళ్లు అనే అర్థం కూడా ఉన్నందున శ్రమదానం, అవయవదానం వరకు ఈ కథను లాగినవారు కూడా లేకపోలేదు. వినడానికి బాగుంటుంది గానీ ఆధారం లేదు. పారశీక, అరబ్బీ భాషల్లోని ‘మైదాన్’ అనే మాట దక్కన్ సుల్తానుల, మొగలుల కాలపు పాలనా భాష ద్వారా దక్షిణాదికి వచ్చి, తెలుగు నపుంసక పదాల తీరుకు తగ్గట్టు చివర ‘ము’ చేర్చుకుంది. దుకాన్ దుకాణమైనదీ, దీవాన్ దివాణమైనదీ ఈ పద్ధతిలోనే. అదే తోవలో వచ్చిన సుల్తాన్, సామాన్ మాత్రం ఉకారం చేర్చుకుని సుల్తాను, సామాను అయ్యాయి. ఏ మాటకు ‘ము’ తగులుతుందో, ఏ మాటకు ‘ఉ’ తగులుతుందో ముందుగా చెప్పే సూత్రం చేయడం కష్టం.

అయితే అది అరబ్బీ మాటా, పారశీక మాటా?

తెలుగుకు అందించింది పారశీకమే. ఇక్కడ రాజ్యం చేసినవారి దఫ్తర్లు నడిచింది ఆ భాషలోనే. పారశీకంలోకి ఎక్కడి నుంచి వచ్చిందనే దాని మీద పండితుల్లో రెండు వాదాలున్నాయి. అరబ్బీ నిఘంటుకారులు దీనిని ఊగడం, అటూ ఇటూ కదలడం అనే అర్థమున్న ధాతువుతో ముడిపెట్టి, గుర్రాలు అటూ ఇటూ తిరిగే చోటు కాబట్టి ఆ పేరు వచ్చిందని వివరించారు. అరబ్బీలో దీని బహువచనం ‘మయాదీన్’ కూడా ఆ భాష వ్యాకరణానికి అచ్చంగా ఒదిగిపోయింది. రెండవ వాదం ప్రకారం ఇది ఇస్లాం పూర్వపు ఇరాన్ భాషల్లో నడుమ, మధ్యభాగం అనే అర్థమున్న మాట నుంచి అరబ్బీలోకి వెళ్లి, అక్కడ స్థిరపడి, కొత్త పారశీకంలోకి తిరిగి వచ్చింది. పరాయి మాటకు తన ధాతువుల్లో ఒకదాన్ని చూపి సొంతం చేసుకోవడం ప్రతి భాషా చేసే పనే కాబట్టి, ఈ వ్యాసకర్తకు రెండవ వాదమే ఎక్కువ నమ్మదగినదిగా తోస్తుంది.

మైదానానికీ, ‘మధ్య’ అనే మాటకూ చుట్టరికం ఉందంటారు. నిజమేనా?

మైదాన్ ఇరాన్ మూలం నుంచే వచ్చిందన్న వాదాన్ని అంగీకరిస్తే ఉంది. సంస్కృతంలో ‘మధ్య’ ఎలాగో ప్రాచీన ఇరాన్ భాష అయిన అవెస్తాలో ‘మైద్య’ అలాగ. లాటిన్‌లోని ‘మెడియుస్’ కూడా అదే కుటుంబానికి చెందినది. నేటి పారశీకంలో మధ్య అనే అర్థంలో ‘మియాన్’ అంటారు. మరో ముచ్చట ఏమిటంటే, పెళ్లికూతుళ్లను మోసుకెళ్లే ‘మేనా’ అనే తెలుగు మాట కూడా ఆ మియాన్ సంతానమే. మధ్యరకం పరిమాణంలో ఉండే పల్లకిని పారశీకంలో మియానా అన్నారు, అది మన నోట మేనా అయింది. ఈ లెక్కన మధ్య, మేనా, మైదానం అనే మూడూ మూడు దారుల్లో తెలుగు చేరిన జ్ఞాతులు కావచ్చు.

మైదా పిండికీ మైదానానికీ సంబంధం ఉందా?

లేదు. మైదా కూడా పారశీకం నుంచి వచ్చినదే గానీ, మెత్తగా పిండిచేసినది అనే అర్థమున్న వేరే మాట నుంచి వచ్చింది.

అసలు మొదట్లో మైదానాల్లో ఏం చేసేవారు?

ముఖ్యంగా గుర్రాల పని. అశ్విక దళం కవాతు, పందాలు, అన్నిటికంటే మించి చౌగాన్ ఆట, అంటే నేటి పోలో. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నగరంలో ఉన్న నక్షె జహాన్ మైదాన్ దీనికి కళ్లకు కట్టే సాక్ష్యం. సఫవీ చక్రవర్తి మొదటి షా అబ్బాస్ 1598లో రాజధానిని అక్కడికి మార్చిన కాలంలో దానిని కట్టించడం మొదలుపెట్టాడు. పొడవు సుమారు 560 మీటర్లు, వెడల్పు సుమారు 160 మీటర్లు. మన కొలతలో 22 ఎకరాలకు పైమాటే. ఒక పక్క రాజు కూర్చుని ఆట చూసే ఆలీ కాపు భవనం, ఒక చివర పెద్ద మసీదు, రెండో చివర బజారు ద్వారం, నాలుగు వైపులా వరుస దుకాణాలు. చౌగాన్ ఆటకు నిలిపిన రాతి గోలు స్తంభాలు నేటికీ అక్కడ నిలబడి ఉన్నాయి. యునెస్కో 1979లో ఈ స్థలాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గుర్రాల నేల, అంగడి, రాజదర్శనం, ప్రార్థన ఒక్కచోటికి చేరడం వల్లనే పశ్చిమాసియాలో ఈ మాట నగర కూడలి అనే అర్థానికి జారిందని అక్కడ నిలబడి చూసినవారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

## దేశాలు తిరిగిన దారి

ఉక్రెయిన్‌లో మైదాన్ ఏమిటి? అక్కడికి ఈ మాట ఎలా వెళ్లింది?

తుర్కీ కుటుంబానికి చెందిన భాషల ద్వారా వెళ్లింది. నల్ల సముద్రానికి ఉత్తరాన శతాబ్దాల పాటు తాతారులకు, ఒట్టోమన్లకు, స్లావు జాతులకు ఇచ్చిపుచ్చుకోవడాలు, యుద్ధాలు సాగాయి. ఆ క్రమంలో సంత జరిగే ఖాళీ స్థలానికి ఉక్రెయిన్ భాషలో ‘మైదాన్’ స్థిరపడింది. కూడలికి ఆ భాషలో ‘ప్లోషా’ అనే స్లావు మాట కూడా ఉంది. కీవ్ నగరం నడుమ ఉన్న కూడలికి సోవియట్ కాలం చివర్లో అక్టోబరు విప్లవం పేరు ఉండేది. 1991లో స్వాతంత్ర్యం వచ్చాక దానిని ‘మైదాన్ నెజలెజ్నోస్తి’, అంటే స్వాతంత్ర్య మైదాన్ అన్నారు. 2004 నాటి నారింజ విప్లవం, 2013 నవంబరులో మొదలై 2014 ఫిబ్రవరిలో అధ్యక్షుడు యనుకోవిచ్ దేశం విడిచిపోవడంతో ముగిసిన యూరోమైదాన్ ఉద్యమం రెండూ అక్కడే జరిగాయి. ఆ తరువాత ఉక్రెయిన్‌లో మైదాన్ అంటే స్థలం మాత్రమే కాదు, ప్రజలు వీధికి రావడం అనే ఘటన కూడా. వైద్యవిద్య కోసం ఉక్రెయిన్ వెళ్లి, 2022లో యుద్ధం మొదలైనప్పుడు ఆపరేషన్ గంగ విమానాల్లో తిరిగివచ్చిన తెలుగు విద్యార్థులకు ఈ మాట అక్కడ వినగానే సొంత ఊరి మాటలా అనిపించి ఉంటే ఆశ్చర్యం లేదు.

కైరోలోని తహ్రీర్ స్క్వేర్ కూడా మైదానమేనా?

అరబ్బీలో దాని పేరు ‘మిదాన్ అల్ తహ్రీర్’, విమోచన మైదాన్ అని. ఈజిప్టువారి పలుకులో ఐకారం ఇకారమై మైదాన్ మిదాన్‌గా వినిపిస్తుంది. ఒకప్పటి ఈజిప్టు పాలకుడు ఖెదివ్ ఇస్మాయిల్ పేరిట ఇస్మాయిలియా అనిపించుకున్న ఆ కూడలికి 1952 విప్లవం తరువాత ఈ పేరు అధికారికంగా వచ్చింది. 2011 జనవరి 25న మొదలైన నిరసన 18 రోజులు నడిచి ఫిబ్రవరి 11న హోస్నీ ముబారక్ గద్దె దిగడంతో ముగిసింది. ఇంగ్లిష్ వార్తల ద్వారా మనకు స్క్వేర్‌గా చేరింది గానీ, ఆ మాట మన మైదానానికి తోబుట్టువు.

టర్కీలోనూ, ఐరోపాలోనూ ఈ మాట ఉందా?

ఉంది, విచిత్రమైన రూపాల్లో ఉంది. ఇస్తాంబుల్‌లో బైజాంటియన్ల కాలపు రథాల పందెపు స్థలాన్ని ఒట్టోమన్లు ‘ఆత్ మెయ్‌దానీ’ అన్నారు. ఆత్ అంటే గుర్రం. బెల్‌గ్రేడ్ కోట పేరు కలెమెగ్దాన్‌లో మొదటి సగం కోట, రెండో సగం మైదాన్. సెర్బియన్ భాషలో ‘మెగ్దాన్’ అంటే ద్వంద్వయుద్ధం. రుమేనియాలో ఈ మాట బాగా చితికిపోయింది: అక్కడ మైదాన్ అంటే ఊళ్లో చెత్తాచెదారం పడి ఉండే ఖాళీ జాగా, అక్కడ తిరిగే ఊరకుక్క ‘మైదనెజ్’.

తుర్కీ జాతీయాలు తెలుగువారికి మరీ దగ్గరగా తోస్తాయి. దాగి ఉన్న విషయం వెల్లడైతే వారు ‘మైదానానికి వచ్చింది’ అంటారు, మనం ‘బయటపడింది’, ‘బట్టబయలైంది’ అంటాం. వారి మైదానమూ మన బయలూ ఖాళీ నేలలే. గుట్టు రట్టు కావడాన్ని రెండు భాషలూ ఆ ఖాళీ నేలతోనే చెప్పుకున్నాయి.

దుబాయ్‌లో మైదాన్ అని గుర్రపు పందాల స్థలం ఉంది. అది ఈ మాటేనా?

అదే. 2010లో తెరిచిన ఆ పందెపు మైదానానికి పాత అర్థానికి సరిగ్గా సరిపోయే పేరు పెట్టారు. కడప జిల్లా నుంచి కువైట్ వెళ్లినవారికి తెలిసిన మైదాన్ హవల్లీ అనే పేటలోనూ ఇదే మాట ఉంది.

## మన దేశపు మైదానాలు

కలకత్తా మైదాన్, బొంబాయి మైదాన్లు అంత పెద్దవిగా ఎందుకు మిగిలాయి? తోటల కోసమా?

తోటల కోసం కాదు, ఫిరంగుల కోసం. 1757లో ప్లాసీ యుద్ధం గెలిచిన తరువాతి ఏడాది ఈస్టిండియా కంపెనీ గోవిందపూర్ అనే పల్లె ఉన్న చోట కొత్త ఫోర్ట్ విలియం కట్టడం మొదలుపెట్టింది. శత్రువు చెట్ల చాటున కోట దగ్గరికి రాకుండా, కోట గోడల మీది ఫిరంగులకు అడ్డులేకుండా చుట్టూ అడవి కొట్టించి నేలను ఖాళీగా ఉంచింది. సుమారు 400 హెక్టార్ల ఆ నేలను బెంగాలీలు ఇప్పటికీ ‘గడేర్ మాఠ్’, అంటే కోట మైదానం అంటారు. దాని సంరక్షణ నేటికీ సైన్యానిదే. బొంబాయి కోట వెలుపల ఎస్ప్లనేడ్ పుట్టిందీ ఇలాగే. 1860లలో కోట గోడలు కూల్చాక మిగిలిన ఆ ఖాళీ నేల తరువాత ఆజాద్, క్రాస్, ఓవల్, కూపరేజ్ అనే నాలుగు మైదాన్లుగా విడిపోయింది. 1988లో సచిన్ టెండూల్కర్, వినోద్ కాంబ్లీ అనే ఇద్దరు బడిపిల్లలు విడిపోకుండా 664 పరుగులు చేసింది ఆజాద్ మైదాన్‌లోనే. మైదాన్ క్రికెట్ అనే మాట ఆ నగరంలో పుట్టడానికి కారణం ఒకప్పటి ఫిరంగి గురి అని ఆ పిల్లలకు ఎవరూ చెప్పి ఉండరు.

హైదరాబాదులో ఫతే మైదాన్ అనే పేరు ఎలా వచ్చింది?

ఫతే అంటే విజయం. 1687లో ఔరంగజేబు సైన్యం గోల్కొండను దాదాపు ఎనిమిది నెలలు ముట్టడించి సెప్టెంబరులో పట్టుకుంది. మొగలు దళాలు విడిది చేసిన నేలకు ఆ గెలుపు పేరు నిలిచింది. ఓడిపోయింది గోల్కొండ అయినా, గెలిచినవారు పెట్టిన పేరునే మూడు వందల ఏళ్లకు పైగా ఓడిన ఊరు పలుకుతూ వచ్చింది. అసఫ్‌జాహీల కాలంలో అక్కడ పోలో ఆడేవారు, అంటే మాట తన పాత పనికే తిరిగి వచ్చింది. తరువాత స్టేడియం కట్టి, 1967లో దానికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. నేటి కుర్రకారు ఎల్‌బీ స్టేడియం అంటారు. ఫతే మైదాన్ పెద్దవాళ్ల నోట మిగిలింది.

విజయవాడ స్వరాజ్య మైదానం, పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ వేరువేరా?

రెండూ ఒకటే స్థలం. ప్రజాపనుల శాఖ పేరుతో పీడబ్ల్యూడీ గ్రౌండ్స్‌గా పిలిచిన చోటే స్వరాజ్య మైదానం. పుస్తకాల పండుగలు, సభలు జరిగిన ఆ నేల మీద 2024 జనవరి 19న 81 అడుగుల పీఠంపై 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహాన్ని ఆవిష్కరించి స్మృతివనం అన్నారు. గ్రౌండ్స్, మైదానం, వనం అని ఒకే నేలకు మూడు మాటలు తగిలాయి. వీటిలో చివరిది మొదటి రెండింటికీ పర్యాయపదం కాదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

## తెలుగులో ముందునుంచీ ఉన్న మాటలు

మైదానం అనే మాట రాకముందు తెలుగువారు ఏమనేవారు?

‘బయలు’ అనేవారు. ఇది అచ్చమైన ద్రావిడ పదం. కన్నడంలోనూ బయలే, తమిళ మలయాళాల్లో ‘వయల్’ అంటే పొలం. ఖాళీగా, కప్పు లేకుండా, అడ్డం లేకుండా ఉన్న నేల బయలు. ఆరుబయలు, బట్టబయలు, బయటపడు, బయలుదేరు అన్నీ దీని పిల్లలే. ఇంట్లోంచి బయలులోకి రావడమే బయలుదేరడం. కన్నడిగులు ఆరుబయట ఆడే నాటకాన్ని ‘బయలాట’ అంటారు. చిత్రమేమిటంటే, బయలు అనే నామవాచకాన్ని మనం మైదానానికి అప్పగించేశాం గానీ, దాని నుంచి పుట్టిన క్రియలు మాత్రం రోజుకు పదిసార్లు మన నోట వస్తూనే ఉన్నాయి.

దీనితో పాటు ‘కళ్లం’ కూడా ఉంది. అది ధాన్యం నూర్చే చోటు. నూర్పిళ్లు అయిపోయాక పిల్లలకు అదే ఆటస్థలం. పల్లెలో పెరిగినవారికి మొదటి మైదానం అదే అయి ఉంటుంది.

రచ్చబండలోని ‘రచ్చ’కు అర్థమేమిటి? గొడవ అనేనా?

మొదట గొడవ కాదు. సంస్కృతంలో రథాలు నడిచే వెడల్పాటి వీధిని ‘రథ్య’ అంటారు. అది ప్రాకృతంలో ‘రచ్ఛా’ అయి, తెలుగులో ‘రచ్చ’గా నిలిచింది. వీధి నుంచి, నలుగురూ చేరే బహిరంగ స్థలం అనే అర్థం వచ్చింది. ఆ చోట రావి చెట్టో వేప చెట్టో మొదట్లో రాళ్లతో కట్టిన అరుగు రచ్చబండ. పెద్దలు కూర్చుని తగవులు తీర్చేది అక్కడే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న సామెతలో రచ్చ అంటే నలుగురి ముందు అనే. ఇంటి విషయాన్ని రచ్చకీడ్చడం అన్నప్పుడు కూడా స్థలమే ముఖ్యం. తగవులు తీర్చే చోటు కాబట్టి తగవు అనే అర్థమే దానికి అంటుకుంది. ఇప్పటి సినిమా భాషలో హంగామా అనే అర్థం వరకు వెళ్లింది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో మరణించింది రచ్చబండ అనే ప్రభుత్వ కార్యక్రమానికి వెళుతూనే. ఆ పేరులో పాత అర్థం చెక్కుచెదరకుండా ఉంది.

కీవ్, కైరో నగరాల్లో మైదాన్ చేసే పనిని తెలుగు ఊళ్లో మైదానం కంటే రచ్చ ఎక్కువగా చేసిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. మైదానానికి మనుషులను పిలిస్తే వస్తారు. రచ్చకు పిలవకుండానే చేరతారు.

చౌరస్తా, చౌక్, సర్కిల్, సెంటర్, కూడలి: వీటిలో ఏది సరైనది?

అన్నీ సరైనవే, ప్రాంతాన్ని బట్టి వాడాలి. తెలంగాణలో చౌరస్తా ఎక్కువ వినిపిస్తుంది. పారశీకంలో నాలుగు అనే మాటకూ దారి అనే మాటకూ కలయిక అది. చౌక్ సంస్కృత ‘చతుష్క’ నుంచి ప్రాకృతం, హిందీ మీదుగా వచ్చింది. కోస్తా ఊళ్లలో సెంటర్ అంటారు, గుంటూరు లాడ్జి సెంటర్ అన్నట్టు. విజయవాడ బెంజ్ సర్కిల్‌లో సర్కిల్ ఉంది. కూడలి అచ్చ తెలుగు, రాతలో ఎక్కువ, నోట తక్కువ. వీటిలో దేనినీ మైదానంతో కలపకూడదు, ఎందుకంటే ఇవన్నీ దారులు కలిసే చోట్లు. మైదానం దారులు ఆగిపోయే చోటు.

మా ఊరి మైదానం రెవెన్యూ రికార్డులో మైదానం అని ఎందుకు లేదు?

శిస్తు లెక్కలు రాసినవారికి నేల ఎలా వాడుతున్నారన్నదానికంటే శిస్తు వస్తుందా రాదా అన్నదే ముఖ్యం. అందుకే అటువంటి నేల సాధారణంగా ‘పోరంబోకు’ కింద ఉంటుంది. తమిళంలో ‘పుఱం’ అంటే వెలుపల. శిస్తు లెక్కకు వెలుపల పోయిన నేల అని దాని భావం. ఊరి ఇళ్ల మధ్య ఉన్నదైతే గ్రామకంఠం అని ఉండవచ్చు. తెలంగాణలో కొన్నిచోట్ల పశువులు మేసే నేలకు గైరాన్ అనే మాట కనిపిస్తుంది. పోరంబోకు అనే మాట పనికిమాలినవాడు అనే తిట్టుగా మారడం ఆ నేలకు జరిగిన చిన్న అన్యాయం. ఊరందరికీ పనికొచ్చే నేల అదే.

## రాసేటప్పుడు

మైదానం అని రాయాలా, మైదాన్ అని రాయాలా?

సామాన్య నామంగా వాడినప్పుడు మైదానం. బహువచనం మైదానాలు, విశేషణంగా మైదాన లేదా మైదానపు. పేరులో భాగమైనప్పుడు ఆ ఊరివారు పలికినట్టే రాయాలి: ఫతే మైదాన్, ఆజాద్ మైదాన్, ఢిల్లీ రాంలీలా మైదాన్, పట్నా గాంధీ మైదాన్. స్వరాజ్య మైదానం వంటి తెలుగు పేర్లకు అనుస్వారం ఉంచాలి. మైదాన్‌ను ‘మైదాను’ అని రాసేవారు కొందరున్నారు. తప్పు అనలేం గానీ చదువుతుంటే పంటి కింద రాయిలా తగులుతుంది.

కీవ్ వార్తల్లో ‘స్వాతంత్ర్య మైదానం’ అని రాయవచ్చా?

రాస్తే పాఠకుడు పచ్చగడ్డి మీద చేరిన జనాన్ని ఊహించుకుంటాడు. అక్కడున్నది రాళ్లు పరచిన నేల, చుట్టూ భవనాలు, కింద మెట్రో స్టేషను. ‘కీవ్‌లోని మైదాన్ కూడలి’ అని మొదటిసారి రాసి, తరువాత మైదాన్ అని కొనసాగించడం మేలు. తహ్రీర్ విషయంలో తహ్రీర్ కూడలి చాలు. ఇస్ఫహాన్‌లోనిది మాత్రం మైదానమనే రాయవచ్చు, గోలు స్తంభాలు ఇంకా ఉన్నాయి కాబట్టి.

‘ఎన్నికల మైదానంలో దిగారు’ అని పత్రికల్లో చూశాను. ఇది తెలుగేనా?

హిందీ జాతీయాన్ని మాటకు మాట తెచ్చుకున్నది. తెలుగులో దిగేది బరిలోకి, గోదాలోకి, రంగంలోకి. కోడిపందేలు, కుస్తీలు ఎరిగిన భాషకు బరి చక్కగా సరిపోతుంది. అందులో గిరి గీసి ఉంటుంది, ఎదుట ప్రత్యర్థి ఉంటాడు. మైదానంలో ఆ రెండూ ఉండనక్కరలేదు.

భౌతికశాస్త్రంలో అయస్కాంత క్షేత్రం అంటాం. అయస్కాంత మైదానం అని ఎక్కడైనా అంటారా?

ఇరాన్‌లో అంటారు. నేటి పారశీక భౌతికశాస్త్ర పుస్తకాల్లో విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం రెండింటికీ మైదాన్ అనే మాటే వాడతారు. మనకు సంస్కృతం నుంచి వచ్చిన ‘క్షేత్రం’ మొదట పంటపొలం, వారికి గుర్రాల నేల. తెలుగు పాఠ్యపుస్తకాల్లో క్షేత్రమే ప్రామాణికం కాబట్టి పరీక్షలో మాత్రం మైదానం అని రాయకండి.